పంచే చేతి వంతు ఆఖరికి

మొన్న ముసురు పట్టిన పొద్దు కరీంనగర్ బైపాస్ మీద సిగ్నల్ పడి ఆగితే, నా స్కూటీ పక్కన ఒక బొగ్గు లారీ వచ్చి ఆగింది. పైన కప్పిన టార్పాలిన్ ఒక మూలకు చినిగి, వాన నేరుగా లోపలికి కారుతుంటే, తడిసిన బొగ్గు వాసన మెల్లగా నా దాకా దిగింది. బొగ్గుకు వాసనేముంటది మేడం అని మా కాలేజీల నాతోటి పంతుళ్ళు నవ్వుతరు. తడిసిన బొగ్గుది ఒక వాసన, ఎండకు కాగిన బొగ్గుది ఒకటి, అప్పుడే అంటుకుంటున్న బొగ్గుది ఇంకొకటని వాళ్ళతోని ఎన్నిసార్లు కొట్లాడిన్నో. ఆ లారీ ఆగిన కాసేపట్లనే నేను మందమర్రిల, మా బొగ్గుబాయి కంపెనీ క్వార్టర్ల లైన్ల, వాన వెలిసిన ఒక సాయంత్రంల నిలబడి ఉన్న.

ఆ సాయంత్రాలు నేల మీదివి కావనిపిస్తది ఇప్పటికీ. ప్రతి క్వార్టర్ ముంగట ఒక బొగ్గుల పొయ్యి, కింద కిరసనాయిల్ల ముంచిన పీలిక, దాని మీద చితుకులు, పైన బొగ్గు పెళ్ళలు. పొగంతా పోయి నిప్పు ఎర్రబడ్డంక గాని పొయ్యి ఇంట్లకు పోయేది కాదు. అందాక లైన్ పొడుగునా నడుము ఎత్తున పొగ దుప్పటి పరుచుకుంటే, మేము పోరగాండ్లం అందుల మునిగి ఒకరినొకరు దేవులాడుకునేటోళ్ళం, ఎవరి తలకాయ ఎక్కడ తేలుతదో తెల్వకుండ. సైరన్ మోగంగనే బాయి నుంచి బాపు వచ్చేటోడు, సబ్బు పెట్టి కడిగినా పోని నలుపు కన్నుల చుట్టూ కాటుక లెక్క మిగిలి ఉండేది. అంత నల్లటి మనిషి నవ్వితే పండ్లు ఎంత తెల్లగా ఉంటయో నాకప్పుడే తెలిసింది.

కంపెనీ మాకు వంటబొగ్గు ఊరికెనే ఇచ్చేది. లారీ వచ్చి లైన్ మొదట్ల కుప్ప పోసి పోయేది. మొదటి క్వార్టర్లోళ్ళు ఉరికి పెళ్ళలు ఏరుకునేది, నడిమిట్లోళ్ళకు ముక్కలు దొరికేటియి, ఆఖరి క్వార్టర్ దాకా పోయేసరికి మిగిలేది పొడి పొడి చూర. ఆ ఆఖరి ఇల్లు కమల మౌశిది. ఆసిఫాబాద్ దిక్కు మనిషి, మాట నడుమ మరాఠీ దొర్లేది. మౌశి అంటే వాళ్ళ దగ్గర చిన్నమ్మ. ఆమె చూరల మట్టి, పేడ కలిపి ఉండలు చేసి ఎండేసేది, మేము పోయి చేతులు నల్లగ చేసుకొని సాయం పట్టేటోళ్ళం. ఎండకాలం అదొక ఆట. కానీ ఆ ఏడు వానలల్ల మౌశి బాలింత. ఉండలు ఎండవు, చూర మండదు. పొత్తిగుడ్డలు ఆరక, స్నానానికి నీళ్ళు కాగక, పసిగుడ్డు దగ్గుడు లైనంత ఇనవడేది.

ఆ దగ్గు ఇన్న దినం అవ్వ, బాపు అన్నం ముంగట కూసోంగనే అందుకున్నది. ‘‘జెండ పట్టుకొని దునియనంత బాగుజేస్తవు. నీ లైన్ల ఒక బాలింతకు ఏణ్ణీళ్ళు గతి లేవు, సిగ్గనిపిస్తలేదా?’’

బాపు యూనియన్ మనిషి. ఆయన దగ్గర దేనికైనా జవాబు ఒక్కటే, మొత్తం మార్చాలె. ‘‘ఇంటికో పొయ్యి ఉన్నన్ని దినాలు గిట్లనే ఉంటదే. పొయ్యే ఒక్కటైతే పెళ్ళెవరిది, చూరెవరిది?’’ అన్నడు. నేనైతే ఆ మాటకు అట్లనే మురిసిపోయిన.

ఆదివారం నాడు మగోళ్ళంత కలిసి లైన్ నడుమ యాపచెట్టు పక్కన ఇటుకలు పేర్చి పొయ్యి కట్టిన్రు, పైన రేకులు కప్పిన్రు. ఇగ ఆ వానకాలం నా బతుకుల మళ్ళ రాలేదు. మౌశి జొన్నరొట్టెలు చప్పట్లు కొట్టినట్టు కొడుతుంటే పక్కన శెనగపిండితోని చేసే పిట్ల కూర వాసన వచ్చేది. ఆంధ్ర నుంచి వచ్చినోళ్ళు గోంగూర ఉడకబెట్టేది, అవ్వ మక్కగారెలు వేసేది, అందరి పోరగాండ్లం ఒకటే వరుసల చాప మీద కూసొని, ఎవరి అవ్వ చేసిందో అడగకుండ తినేది. రేకుల మీద వాన, రేకుల కింద ఎర్రటి నిప్పు, ఆ నిప్పు పక్కన ఉయ్యాలల మౌశి బిడ్డ, దగ్గు మానేసి, బుగ్గలు ఎర్రగ. దునియ మారుడంటే గిదే గావచ్చు అనుకున్న.

అయితే బాపు ఒక తప్పు చేసిండు. బాయిల మనిషి గదా, పొయ్యికి గూడ షిఫ్టులు వేసిండు. మగోళ్ళు మూడు షిఫ్టులల్ల వస్తరు, పొయ్యి ఆరొద్దు, కనుక ఆడోళ్ళు ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. సైరన్ మోగితే అటు మగోళ్ళు మారేది, ఇటు ఆడోళ్ళు మారేది. వంటనే కాదు, నిద్ర గూడ సైరన్ చేతికి పోయింది.

బతుకమ్మ దగ్గర పడ్డ ఒక పొద్దు సైరన్ మోగినా పొయ్యి దగ్గరికి ఎవరూ పోలే. ఆడోళ్ళంత యాపచెట్టు కింద తంగేడుపువ్వు కట్టలు కట్టుకుంట కూసున్నరు. బాపు ఆకలి మీద వచ్చిండు. ‘‘ఏందే, పొయ్యి ఆరిపోయింది?’’

‘‘సమ్మె,’’ అన్నది అవ్వ తలెత్తకుండ.

‘‘ఎవరి మీద?’’

‘‘నీ మీదనే. నీకు బాయిల షిఫ్టు అయితే ఇంటికొచ్చి పంటవు. మాకు పొయ్యి షిఫ్టు దిగితే ఇల్లు షిఫ్టు, అది దిగితే పోరగాండ్ల షిఫ్టు. దొరలు పోవాలె పోవాలె అంటివి, నువ్వే దొరవైతివి గదనయ్యా!’’

‘‘బరోబర్ బోల్లీ బాయీ! సక్కగ చెప్పింది!’’ అని మౌశి అందుకుంటే ఆడోళ్ళ నవ్వులకు చెట్టు మీది కాకులు లేచినయి.

బాపు తల గోక్కున్నడు. ఆయనల నాకు నచ్చింది గదే, నవ్వి వచ్చి పొయ్యి ముంగట కూసున్నడు. పప్పు మాడగొట్టిండు, మేము తిన్నం. మరునాడు గూడ కూసున్నడు. కానీ తక్కిన మగోళ్ళు ‘‘గదేం పని లీడర్ సాబ్’’ అని పండ్లికిలించి ఎవరి ఇంటికి వాళ్ళు పోయిన్రు. సద్దుల బతుకమ్మ, మలీద ముద్దలు, చెరువుల పువ్వులు తేలిపోవుడు, అన్ని ఒక్క కల లెక్క గడిచినయి. ఆ కల తెల్లారేసరికి పొయ్యిల బూడిద సల్లగున్నది. నేను ఆ ఇటుకల మీద కూసొని ఏడ్చిన.

పొయ్యిలు ఇండ్లకు పోయినయి గానీ, అవ్వ కుప్పను ఇడువలే. లారీ రాంగనే నడుముకు కొంగు చెక్కి అడ్డం నిలబడ్డది. ‘‘నేను పంచుత. పంచినోళ్ళ వంతు ఆఖరికి. మొదలు కమల తీస్కుంటది.’’ తనకు ఆఖరికి మిగిలేదే దక్కుతదని తెలిసినంక ఎవరైనా కుప్పలు ఎంత సమానంగ పెడుతరో చూడాలె. తర్వాత లారీ లారీకి పంచే మనిషి మారింది, పద్ధతి మారలే. మౌశి ఇంట్ల చలికాలమంత నీళ్ళు కాగినయి.

ఒకనాడు లారీ పోసింది మొత్తం చూరే. బాపు గడప మీద నుంచి, ‘‘పంచు మరి సమానంగ. లారీల ఏం రావాలెనో ఎవరు చెప్తున్నరు, నువ్వా నేనా?’’ అన్నడు. అవ్వ కుప్పను ఇడిచి పోయి లారీ ముంగట కూసున్నది. మౌశి బిడ్డనెత్తుకొని పక్కన కూసున్నది. కాసేపటికి బాపు గూడ దిగి వచ్చి అవ్వ పక్కనే చతికిలబడ్డడు. మరునాడు వేరే లారీ వచ్చింది, పెళ్ళలున్నయి, రాళ్ళు గూడ ఉన్నయి. ఎవరి మాట నెగ్గిందని ఇద్దరు బతికినన్ని దినాలు కొట్లాడుకున్నరు.

ఇప్పుడు మా క్లాసుల పిల్లలు అడుగుతరు, మేడం, ఈ పెట్టుబడి పద్ధతిని బాగు చేసుకోవాల్నా, తీసేసి ఇంకోటి తెచ్చుకోవాల్నా అని. నాకు అవ్వ, బాపు ఇద్దరి మీద కోపమే. పంచుడు ఎంత సక్కగున్నా లారీ మన చేతుల లేకపోతే చూరనే పంచుకుంటం. లారీ మన చేతికొచ్చినా, పొయ్యి ముంగట ఎవరు కూసుంటరో తేల్చుకోకపోతే మళ్ళ దొరలే పుడుతరు. అయినా అడిగినోళ్ళకు బాపు మాటే చెప్త, మార్చాలెననే. కాకపోతే మార్చేటోళ్ళ వంతు ఆఖరికని అవ్వ మాట గూడ కలిపి చెప్త.

మా లైన్ ఇప్పుడు లేదు. ఓపెన్ కాస్ట్ గని వచ్చి యాపచెట్టును, ఇటుకలను, పోరగాండ్లు దేవులాడుకున్న ఆ జాగనంత తవ్వుకున్నది; అక్కడ చూస్తే కండ్లకు ఆనని గుంత. గ్యాస్ పొయ్యిలొచ్చినయి, పొగ పోయింది, మంచిదే. మౌశి ఎక్కడున్నదో తెల్వదు.

పచ్చ లైటు పడ్డది. లారీ కదిలితే చినిగిన టార్పాలిన్ల నుంచి ఒక పెళ్ళ జారి నా ముంగట పడ్డది, వాన నీళ్ళకు నల్లగ మెరుస్తున్నది. మా యాపచెట్టు కిందిదే గావచ్చు. ఎనుకనుంచి హారన్లు కొడుతున్నరు. ఆ లారీ ఎనుక ఇంకో లారీ, దాని ఎనుక ఇంకోటి, అన్ని నిండుగనే పోతున్నయి; ఈ పంచినోళ్ళెవరో గానీ, వాళ్ళ వంతు వాళ్ళు మొదలే తీసుకున్నరు.