రాగికి పులుపు పడదు

కె.ఆర్.పురం చరిత్ర ఎవరైనా రాస్తే రైల్వే స్టేషను గురించి రాస్తారు, ఓల్డ్ మద్రాస్ రోడ్డు గురించి రాస్తారు. 1997లో ఇమ్మానుయేలు ఇంట చారు అస్తమించిన సంగతి మాత్రం వదిలేస్తారు. చరిత్రకారుల పక్షపాతం అటువంటిది.

అంతవరకూ ఆ ఇంటి ఇల్లాలు లీలావతి భోజనమయ్యాక పొయ్యి పక్కనే నిలబడి, గరిటెడు చారు అరచేతిలో పోసుకుని తాగేది. పెళ్ళయినప్పటి నుంచీ తప్పని ఆచారం. అది ఆగిపోవడానికి కారణం ఒక రాగి ముక్క.

రాగి ఊరకే రాలేదు. దానికి ముందు గర్భం రాకుండా మాత్రలొచ్చాయి. మాత్ర వేసుకుంటే లీలావతికి పొద్దున వికారం, మధ్యాహ్నానికి తలనొప్పి. మహదేవపుర స్కూల్లో నల్లబల్ల మీద భిన్నాలు రాస్తూ గోడ పట్టుకునేది. మాత్రలు పోయి తొడుగులొచ్చాయి. వాటివల్ల తనకు దురద పుడుతోందని ఇమ్మానుయేలు త్వరలోనే ప్రకటించాడు. విచారణ జరిపే అధికారం ఎవరికీ లేకపోయింది. ఆ తరువాత క్యాలెండరు చూసి జాగ్రత్తపడే పద్ధతి. వికారం లేదు, నొప్పి లేదు, దురద లేదు. దానికి ఉన్నది ఒకే ఒక్క దుష్ఫలితం. చర్చిలో దానికి ఏంజెల్ అని పేరు పెట్టారు.

ఏంజెల్ రెండో సంతానం. అప్పటికే లీలావతి ఒంట్లో రక్తం బాగా తగ్గింది. మూడో కానుపు ప్రమాదమనీ, ఆమెకు ఆపరేషన్ చేయాలన్నా ముందు రక్తం పట్టాలనీ డాక్టర్ వరూధిని చెప్పింది. "మగవాళ్ళకైతే సులువు" అంటూ ఇమ్మానుయేలు వైపు చూసింది. అతను గోడ మీది పసిపాప బొమ్మ వైపు చూశాడు.

"నాకు కుదరదు లీలా," అన్నాడు ఇంటికొచ్చాక. "ఆపరేషనైతే బలం పోతాది. ఆదివారం చర్చిలో హార్మోనియం వేదిక కాడికి చేర్చేది ఎవరు? అది ఎంత బరువుండాదో నీకేం తెలుసు."

దేవుని సేవకు అడ్డుపడటం లీలావతి తరం కాలేదు. కాపర్-టి వేయించుకుంది.

వార్త తెలిసి ఇమ్మానుయేలు అక్క వచ్చింది. వీధంతా ఆవిడను పెద్దక్క అనే పిలుస్తుంది.

"లోపల పెట్టింది రాగే కదా?"

"రాగే అంట వదినా."

"రాగి చెంబులో మజ్జిగ పోస్తావా?"

"పొయ్యను."

"చారు?"

"చిలుమెక్కుతాది కదా."

"మరి కడుపులో రాగి పెట్టుకోని, పైనుంచి చింతపండు రసం పోస్తే ఏమైతాది? నువ్వు టీచరమ్మవి, నువ్వే చెప్పు."

రాగి మీద చింతపండు ప్రతాపం లీలావతికి తెలుసు. ఇంట్లో చెంబు తోమేది దానితోనే. చింతపండు డబ్బా అటకెక్కింది. పెరుగు, నిమ్మకాయ, ఊరగాయ ఒక్కొక్కటే దాని వెంట నడిచాయి.

అయినా నెలసరి వరదలా వచ్చింది. మళ్ళీ వచ్చింది, ఇంకా ఎక్కువగా. స్కూల్లో కుర్చీలోంచి లేచే ముందు చీర వెనక తడుముకునేది. కూర్చుంటే మరక పడుతుందని భయం, నిలబడితే కళ్ళు తిరగడం; పాఠం చెబుతూ కిటికీ దాకా, తలుపు దాకా ఊరికే తిరిగేది. పడుకుంటే నిద్ర రాదు. ఏ పులుపు తిన్నానా అని వెతుక్కునేది. పక్కింటి పులిహోర రెండు మెతుకులా? టమోటా పులుపు కిందికి వస్తుందా? డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఆవిడా అదే అడుగుతుందేమో.

"మళ్ళీ నోరు కట్టుకోలేదా?" అనేది పెద్దక్క.

"సుమ్నే, ఊరికే ఒక టమోటా వదినా."

"టమోటా ఏమన్నా బెల్లమా?"

మరుసటి ఏడు స్కూల్లో ఉదయం ప్రార్థనకు నిలబడిన లీలావతి అక్కడే కూలిపోయింది. తోటి టీచర్లు ఆటోలో వరూధిని దగ్గరికి చేర్చి, ఇమ్మానుయేలుకు కబురు పెట్టారు.

"ఇన్ని నెలలు ఎందుకు రాలేదు?" అంది డాక్టరు.

"టమోటా తిన్నాను డాక్టరమ్మా."

సంగతంతా రాబట్టడానికి డాక్టరుకు కొంత సమయం పట్టింది. విన్నాక నవ్వలేదు.

"మన మాటల్లో రెండూ కడుపులే లీలావతీ. ఒంట్లో మాత్రం రెండిళ్ళు. తిన్నది ఒక ఇంటికి పోతుంది, ఇది ఉన్నది ఇంకో ఇంట్లో. మధ్య వాకిలి లేదు. కాపర్-టి వేస్తే కొందరికి నెలసరి ఎక్కువవుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. నీకు సర్దుకోలేదు. అప్పుడే రావాల్సింది."

తీసి ట్రేలో చూపించింది. దొడ్డబళ్ళాపురంలో మగ్గాలకు కండెలు చుట్టే ఇంట పుట్టిన లీలావతి దాన్ని పరీక్షగా చూసింది. తెల్లటి ప్లాస్టిక్ పుల్ల. దానికి చుట్టిన, జరీపోగులాంటి సన్నటి తీగ.

"దీన్ని తోమేదానికి గింజంత చింతపండు చాలు," అంది.

లీలావతి బయటికి రాగానే బెంచీ మీంచి ఇమ్మానుయేలు లేచాడు. "తీసేసినారా? మరి ఇప్పుడెట్లా?"

"ఇప్పుడు మీ వంతు," అంది లీలావతి.

"హార్మోనియం..."

"నేను మోస్తా."

ఆ మాట గోడ పట్టుకుని అంది. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఇమ్మానుయేలుకు ఈసారి చూడటానికి పసిపాప బొమ్మ లేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, ఆ ఆపరేషన్ ఎక్కడ చేస్తారని డాక్టరును అడిగాడు.

ఆపరేషన్ అయింది. కొద్దిరోజులు నొప్పి, కాస్త వాపు ఉంటాయని, వారం దాకా బరువులెత్తొద్దని, మూడు నెలల పాటు తొడుగు తప్పదని సర్జను చెప్పాడు. దురద మాట ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం లీలావతి గ్లాసెడు చారు తాగి, కొంగు నడుముకు బిగించి, పెద్దక్కను తోడు తీసుకుని చర్చి పక్కగదిలోకి వెళ్ళింది. హార్మోనియం మీద ఎప్పటిలాగే నేలదాకా జీరాడే కుట్టుపని గుడ్డ కప్పి ఉంది. వాయించేటప్పుడు కూడా పైన కాస్త మాత్రమే మడిచే ఆ గుడ్డ లేకుండా దాన్ని వాళ్ళిద్దరూ ఏనాడూ చూడలేదు. పెద్దక్క కళ్ళు మూసుకుని ప్రార్థించింది. లీలావతి గుడ్డ పైకెత్తింది.

దానికి చక్రాలున్నాయి.