చివరి లైను చదవమన్న మనిషి

మంగళవారం ఉదయం క్లాసుకి వెళ్లబోతుంటే ఫోన్ వచ్చింది. తాడేపల్లిగూడెంలో నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంట్‌గా పనిచేసినాయన, గుండుగొలనులో తన ఇంట్లోనే పోయారట. రెండేళ్లుగా కిడ్నీ జబ్బుతో ఉన్నారని తెలుసు. తెలిసినా, ఆ మాట విన్నాక క్లాసుకి వెళ్లలేకపోయాను. స్టాఫ్ రూములో కుర్చీ పట్టుకుని నిలబడిపోయాను.

మాది కొల్లేటి లంక. ఇంట్లో చేపల పని తప్ప మరొకటి తెలియదు. 2007లో నా ప్రాజెక్టు కొల్లేరు నీటిమట్టం మీద. గ్రాఫులు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో గీయమన్నారు మా గైడు. కంప్యూటర్లోకి పైథాన్ ఎక్కింది గానీ, దానికి తోడుగా కావాల్సిన నమ్‌పై అనే ప్యాకేజీ ఎంతకీ ఎక్కలేదు. వైవా పది రోజుల్లో ఉంది. ల్యాబులో కూర్చుని ఏడుస్తుంటే ల్యాబ్ అసిస్టెంట్‌గారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"నాకిది రాదండీ. మానేసి ఇంటికి పోతాను."

"పోదురుగాని లెండి. ముందు అదేమంటోందో చెప్పండి."

"ఏదో ఎర్రర్ అండీ."

"చివరి లైను చదవండి. పైకి."

చదివాను. పైథాన్ 2.4 కావాలి, ఈ కంప్యూటర్లో కనబడలేదు అని ఉంది. నేను ఎక్కించింది 2.5. సీనియర్లిచ్చిన సీడీలో ఉన్నది పాత ప్యాకేజీ.

"మిమ్మల్ని తిట్టట్లేదండీ అది. తనకేం కావాలో అడుగుతోంది."

కాలేజీలో ఇంటర్నెట్ అంతంతమాత్రం. ఆయన ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి ఏలూరు వెళ్లి, నెట్ సెంటర్లో కూర్చుని సరైన ఫైలు పెన్ డ్రైవ్‌లో తెచ్చారు. అయినా మౌసు ముట్టుకోలేదు. ఎవరి మౌసూ ముట్టుకునేవారు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడితే, నేనే ఎక్కించాను.

గ్రాఫు వచ్చింది. గీత ఒకచోట అడుగుకంటా జారింది.

"ఇదేంటండీ?" అన్నారు.

"ఆ వేసవిలో కొల్లేరు ఎండిపోయిందండీ. మా నాన్నకి మూడు నెలలు పనిలేదు."



ఏ ప్యాకేజీ మొరాయించినా, ఎలా సర్దుకుందో ఓ లాంగ్ నోట్‌బుక్‌లో రాసేవారు. 'ఇది అత్తిలి అమ్మాయి కనిపెట్టింది' అని పక్కనే ఉండేది. తను కనిపెట్టినవాటి పక్కన ఏమీ ఉండేది కాదు.

నా ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో ప్రిన్సిపాల్‌కీ, హెచ్‌వోడీకీ, గైడుకీ కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆయన పేరు రాయలేదు. మరిచిపోవడం కూడా కాదు, రాయాలని తోచనే లేదు. ప్రింటర్లోంచి ఆ పేజీ తీసి, ఆసాంతం చదివి నా చేతికిచ్చింది ఆయనే.

"స్పెల్లింగులు బాగున్నాయండీ" అన్నారు.

ఏలూరులో లెక్చరర్‌గా చేరాక, ఓ పిల్ల ఎర్రర్ చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటే "చివరి లైను చదువమ్మా" అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది ఆ పేజీ.

ఆ సంగతి ఆయనతో చెప్పుకుందామని పోయిన నెల డయాలసిస్ వార్డుకి వెళ్లాను. నిద్రపోతున్నారు.

"లేపమంటారా అమ్మా?" అన్నారు వాళ్లావిడ.

"వద్దండీ. ఆదివారం వస్తాను."

ఆ ఆదివారం పేపర్లు దిద్దుతూ ఉండిపోయాను. తర్వాతి ఆదివారం ఎందుకు వెళ్లలేదో చెప్పడానికి ఆపాటి కారణం కూడా లేదు.

గుండుగొలనులో ఆ ఇంటి ముందు ఎన్నో బ్యాచ్‌ల వాళ్లు నిలబడి ఉన్నారు. ఒకరికొకరం తెలియదు.

"మీకే ప్యాకేజీ ఎక్కలేదండీ?" అనడిగాడు పక్కనున్నతను.

"నమ్‌పై."

"నాకు సైపై అండీ" అని మొహం తిప్పుకున్నాడు.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యి అందరం ఇంటికొచ్చాక, వాళ్లావిడ పక్కన కూర్చున్నాను.

"ఆయన పేరు నేను రాయలేదండీ."

"ఎందులోనమ్మా?" అన్నారావిడ.

చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాను. ఆవిడ నా చెయ్యి నిమిరారు.

ఇంతలో కొల్లేరు వైపు నుంచి వాన దిగింది. వాకిట్లో మా అందరి చెప్పులూ కలగాపులగంగా పడి ఉన్నాయి. ఆవిడ లేచి, కొంగు నెత్తిన కప్పుకుని, ఒక్కో జతా వెతికి కలిపి, చూరు కింద వరసగా పెడుతున్నారు.