కదలని బస్సు

నేను ప్రొద్దుటూరులో డిప్లొమా చదివేటప్పుడు మా కాలేజీలో చెక్కతో చేసిన బొమ్మబండ్ల పందెం పెట్టారు. ఇంజను ఉండకూడదు. వాలుగా వేసిన పలక మీద నుంచి ముందుగా కిందికి చేరిన బండే గెలిచినట్టు.

బండి చేసిపెట్టమని జమ్మలమడుగులో ఉన్న మా నాయనను అడిగాను. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. నెల రోజులు కూర్చుని, తాను నడిపిన పులివెందుల బస్సునే టేకుచెక్కలో దించేశారు. పైకెక్కే నిచ్చెన, అద్దాలు, వైపర్లు, ఆఖరికి సీట్లలో అగ్గిపుల్లంత మనుషులు కూడా!

పందెం రోజు బస్సును ఆయనే పలక పైన నిలబెట్టారు. ఈల మోగగానే బండ్లను ఆపి ఉంచిన కర్ర లేచింది. అన్నీ దూసుకుపోయాయి. మా బస్సు మాత్రం అంగుళం కదల్లేదు.

"డ్రైవరు టీకి పోయినట్టుండాడు!" అని ఎవరో అరిచారు. హాలంతా ఒకటే నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది. వంగి చూస్తే ముందు చక్రం కింద చిన్న చెక్కముక్క!

"ఇదేంది నాయనా?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"వాలులో బండి నిలిపితే చక్రానికి అడ్డం పెట్టల్ల కదమ్మా. అలవాటుగా పెట్టి, తీసేది మరిసిపోయినా."

"బొమ్మ బస్సుకు అంత భయమెందుకు? ఇందులో ఎవరుండారని?"

ఆయన తప్పు చేసినవాడిలా డ్రైవరు వెనక సీటు చూపించారు. కిటికీ పక్కన రెండు జడల చిన్నపిల్ల. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన బస్సెక్కితే నేను కూర్చునే సీటు అది.

"నువ్వుండావు కదమ్మా," అన్నారు.

ఆ రోజు గెలిచిందెవరో నాకు గుర్తు లేదు. బస్సు మా ఇంట్లో బీరువా మీద ఉంది. దుమ్ము తుడిచిన ప్రతిసారీ ఆ చెక్కముక్కను మళ్లీ చక్రం కిందే పెడతాను.