రెండు మగ్గం గుంతలు, ఒక లీజు

ఆదోని కోర్టు ఆవరణలో నా గురించి ఒక కథ ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. ఎమ్మిగనూరులో ఒక షెడ్డు యజమానిని నేను మగ్గం గుంతలో కూర్చోబెట్టి, లీజు మీద సంతకం పెట్టేదాకా పైకి రానివ్వలేదట. ఈ కథ చెప్పేవాళ్లలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు. నేనున్నాను. గుంతలోకి దిగింది ఆయనంతట ఆయనే. పైకి రాలేకపోయింది ఆయన నడుము వల్ల, నా వల్ల కాదు. సంతకం ఎనిమిది రోజుల తర్వాత రిజిస్ట్రేషన్ కార్యాలయంలో, కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని చేశాడు. మోకాళ్ల పుణ్యమా అని యాభై రెండేళ్లకే నల్లకోటు విప్పేశాను కాబట్టి, జరిగింది జరిగినట్టు రాయడానికి ఇప్పుడు నాకు అడ్డేమీ లేదు.

కరోనా మూసివేతలు పూర్తిగా తొలగిన తర్వాత వచ్చిన వేసవి అది. అప్పటికి ఆదోనిలో సివిల్ కేసులే చూస్తూ ఇరవై ఏళ్లు దాటాయి. మార్చి నెలలో ఒక సోమవారం ఎమ్మిగనూరు నుంచి ఈరన్న, అతని భార్య నరసమ్మ వచ్చారు. ఇద్దరూ నేతగాళ్లు. ఆదోనిలో ఒకప్పుడు పత్తి వ్యాపారం చేసిన ఖాజా సాహెబుకు ఎమ్మిగనూరులో ఉన్న రేకుల షెడ్డును బాడిగకు తీసుకుని, రెండు మగ్గాలు దించుకున్నారు. నాలుగు నెలలకే నోటీసు వచ్చింది: షెడ్డు నేల తవ్వినందుకు పదిహేను రోజుల్లో గుంతలు పూడ్చి ఖాళీ చేయాలని.

"నేల ఎందుకు తవ్వినారప్పా?" అని అడిగాను.

"గుంత మగ్గం కదమ్మా. గుంత లేకుంటే కాళ్లు యాడ పెట్టుకోవాల?" అన్నాడు ఈరన్న.

చూడనివాళ్ల కోసం చెబుతాను. గుంత మగ్గంలో నేతగాడు నేలమీద అంచున కూర్చుంటాడు. కాళ్లు గుంతలోకి వేలాడేసి కింది పలకలు తొక్కుతాడు. పడుగు ఎక్కించిన మగ్గాన్ని మంచం జరిపినట్టు జరపలేము. జరిపితే మగ్గం మీదున్న చీర పోతుంది, కొత్త గుంత కుదురుకునేదాకా పనీ పోతుంది. మొగుడూ పెళ్లామూ బతికేది ఆ రెండు మగ్గాల మీదే. వాళ్లకు కావలసింది ఒక్కటే, ఆ షెడ్డులో కాలు నిలవడం.

"అగ్రిమెంటు చదివినావా?"

"సంతకం కాడ టైపు కొట్టినోడు పెన్సిలుతో గుర్తు పెట్టిచ్చినాడు. ఆడ పెట్టినా."

"ఈయప్పకు సదువొచ్చు మేడం," అంది నరసమ్మ. "సదవాల్సిన పొద్దు మాత్రం కండ్లు రావు."

అగ్రిమెంటు నేను చదివాను. పదకొండు నెలలది. మా వైపు షాపైనా ఇల్లైనా పదకొండు నెలలకే రాసుకోవడం ఆచారం. ఏడాది దాటితే లీజును రిజిస్టరు చేయించాల్సి వస్తుందని, ఆ ఖర్చూ తిరుగుడూ ఎందుకని నెల తగ్గించుకుంటారు. దానికి లాయరు దగ్గరికి ఎవరూ రారు. టైపు కొట్టేచోట పాత కాగితం ఒకటి ఉంటుంది. పేర్లు మారుస్తారు, ఊరు మారుస్తారు, మిగతాది దేవుడికి వదిలేస్తారు. వీళ్ల కాగితానికి మూలం ఆదోనిలో ఏదో పత్తి గోడౌను లీజు. ఆవరణలో బీడీ కాల్చరాదు. ఇసుక బకెట్లు నిండుగా ఉంచవలెను. పత్తి బేళ్లు గోడకు ఆనించరాదు. నాలుగో షరతు, నేల తవ్వరాదు. సాహెబు నోటీసంతా ఈ నాలుగో షరతు మీదే నిలబడింది.

ఏడో షరతు దగ్గర నేను ఆగిపోయాను. లెస్సరు, అంటే యజమాని, లారీల తూకం కోసం ఆవరణలో తన ఖర్చుతో వేబ్రిడ్జి ఏర్పాటు చేసి నడపవలెను.

అదే రోజు జవాబు నోటీసు రాశాను. నా కక్షిదారు నాలుగో షరతు మీరినాడని మీరంటున్నారు. మీరు ఏడో షరతు మీరి నాలుగు నెలలైంది. వేబ్రిడ్జి ఎక్కడ?

మూడో రోజు సాహెబు ఫోను. "లాయరమ్మా, ఏం పరాచికమిది? మగ్గం కాడికి లారీలొస్తాయా?"

"కింద సంతకం మీదే కదన్నా."

"నా షెడ్డు కాయితం నేనే సదువుకోవాల్నా?"

ఇరవై ఏళ్ల ప్రాక్టీసులో ఇంత నిజాయితీ గల వాదన నేను వినలేదు. కోర్టుకు పోతే ఇద్దరమూ నవ్వులపాలవుతామని, షెడ్డులోనే కూర్చుని మాట్లాడుకుందామని అన్నాను. ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఎమ్మిగనూరు వెళ్లాను. రేకుల కింద మనుషులు పెసరట్లలా కాలుతున్నారు. సాహెబు భారీ మనిషి, తెల్లటి లాల్చీ అప్పటికే తడిసిపోయింది. మూడేళ్లకు లీజు రాసి రిజిస్టరు చేయిద్దామని నేను మొదలుపెట్టగానే ఆయన చేతులడ్డం పెట్టాడు.

"బాడిగ ఇయ్యరని కాదమ్మా నా భయం. గుంత తవ్వినోడు లేసిపోడు. మా అన్న తన దుకాణంలో ఒకడిని పొయ్యి కట్టుకోనిచ్చినాడు. మా అన్న పోయినాడు. పొయ్యి కట్టినోడు ఆడే ఉండాడు."

"మేమేం పొయ్యి కట్టలేదు సాబూ," అంది నరసమ్మ. "మేం కట్టిందేమీ లేదు. తీసినాం."

"అసలు యాడుంది ఆ గుంత? నేను సూడనేలేదు," అంటూ సాహెబు లేచాడు. చూడకుండానే నోటీసిచ్చాడన్నమాట. ఈరన్న పక్కనున్న ఖాళీ మగ్గం చూపించాడు. ఆయన అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించాడు. పాదాలతో అడుగు మన్ను తడిమాడు.

"అరె," అన్నాడు. "ఈడ సల్లగుందే!"

"మన్ను తడి సాబూ," అన్నాడు ఈరన్న. "ఆ తడి లేకుంటే దారం తెగుతాది."

టీ అక్కడికే తెప్పించుకున్నాడు. బాడిగ ఎంతన్నదీ, ఏటా ఎంత పెంచాలన్నదీ కాళ్లు గుంతలో పెట్టుకునే తేల్చాడు. లేవబోతే మాత్రం నడుము లేవలేదు. ఈరన్న వెనకనుంచి చంకల కింద పట్టాడు, నరసమ్మ ముందునుంచి చేతులు పట్టి లాగింది.

"బేలు కన్నా బరువుండావు సాబూ," అంది రొప్పుతూ. "ఇప్పుడు కావాల నీ వేబ్రిడ్జి."

కోర్టులో తిరిగే కథకు ఇదే పునాది. అసలు పోట్లాట దీని తర్వాత వచ్చింది, దాన్ని ఎవరూ చెప్పరు.

అంతదాకా గుంతలు పూడ్చాలన్నది సాహెబు, పూడ్చేది లేదన్నది వీళ్లు. పైకి వచ్చిన సాహెబు లాల్చీ దులుపుకుని, వీళ్లు వెళ్లిపోయేటప్పుడు గుంతలు పూడ్చకూడదని షరతు రాయమన్నాడు. షెడ్డుకు గుంతలుంటే ఇంకో నేతగాడు పరిగెత్తుకొస్తాడట. వెంటనే నరసమ్మ కొంగు బిగించింది.

"మేం తవ్విన గుంత ఇంకొకడికి బాడిగకిస్తావా? పోయేరోజు పిడికెడు మన్ను తక్కువ కాకుండా పూడ్చి పోతాం. రాసుకో మేడం!"

"నా నేల అది!"

"నేల నీదే. గుంత మాది!"

చట్టం ఏమంటుందని ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం లెస్సీ, అంటే బాడిగదారు, నేలకు తాను బిగించినవి వెళ్లేముందు తీసుకుపోవచ్చు, స్థలాన్ని మాత్రం పుచ్చుకున్న స్థితిలో అప్పగించాలి. బిగించినదాని సంగతి చెప్పింది గానీ, తీసిన మన్ను మిగిల్చిన ఖాళీని ఎవరు తీసుకుపోవాలో ఆ సెక్షన్ రాసినవాళ్లకు తట్టలేదు. వాళ్లు గుంత మగ్గం మీద ఎప్పుడు కూర్చున్నారు గనక!

గంటసేపు అరుచుకున్నారు. దారి చూపింది నరసమ్మే, కోపంలో. "గుంతలుండాలంటే మమ్మల్ని ఉండనియ్యి. మమ్మల్ని పొమ్మంటే గుంతలు పూడుస్తాం."

పెన్ను తీశాను. తొమ్మిదో షరతు అలా పుట్టింది: మూడేళ్లు గడిచాక గుంతలు యథాతథంగా ఉండాలని లెస్సరు కోరుకుంటే లెస్సీకి మరో మూడేళ్లు లీజు పొడిగించవలెను, అక్కర్లేదనుకుంటే లెస్సీ గుంతలు పూడ్చి ఖాళీ చేయవలెను. సాహెబు రెండుసార్లు చదివాడు. ఆయన తన కాగితం తాను చదవడం అదే మొదలు. మూడేళ్ల తర్వాత ఆయన పొడిగింపే కోరాడు. ఈరన్న మగ్గాలు నేటికీ అక్కడే ఆడుతున్నాయి.

ఈ వ్యవహారం నాకు నేర్పింది చిన్న విషయం. మా వైపు లీజు తగాదాల్లో చాలా వాటికి మూలం దుర్బుద్ధి కాదు, పాత కాగితం. లీజు రాసే లాయరు ముందు ఆ స్థలానికి పోయి, బాడిగదారు అక్కడ కాళ్లు ఎక్కడ పెట్టుకుంటాడో చూసి రావాలి. ఆ తర్వాత నేను చూడకుండా ఒక్క లీజూ రాయలేదు.

తొమ్మిదో షరతు తగాదా తీర్చింది గానీ ప్రశ్న తీర్చలేదు. రిజిస్ట్రేషన్ నాడు గుమాస్తా ఆస్తి వివరాల పట్టిక ముందు పెట్టుకుని, "రెండు గుంతలు ఎవరి పేర రాయమంటారు మేడం?" అని అడిగాడు. ఆ గడి ఖాళీగా వదిలేయమన్నాను. తవ్వి తీసిన మన్ను సాహెబుది, అందులో నాకూ అనుమానం లేదు. మరి మన్ను పోయాక మిగిలిన ఆ చల్లటి గుంత ఎవరిదండీ?