వెనక గదికి నెట్ తెచ్చిన మామ

మిత్రులారా, మంగళవారం పొద్దున మా ఎలక్ట్రీషియన్ మామ గుండెపోటుతో పోయాడు. ఆయన ఇంటి ముందు షామియానా విప్పకముందే, శుక్రవారం మా ఊరి పఠనమందిరం వెనక గదికి తాళం పడింది. వేయించింది పఠనమందిరం అధ్యక్షుడు. పేరు రాయను. ఊళ్లో అందరికీ తెలుసు.

మామ నాకు చుట్టం కాదు, వీధి వరస. కోటప్పకొండ తిరునాళ్లకు మా ఊరు కట్టుకెళ్లే ఎత్తైన ప్రభ మీదికెక్కి ఏటా లైట్లు కట్టేది ఆయనే. తాను బిగించిన ప్రతి స్విచ్చు పక్కన అది దేనిదో పెన్సిలుతో రాసేవాడు. "నేను లేనప్పుడు మీరు తడుముకోగూడదు గదా" అనేవాడు.

పఠనమందిరంలో నెట్ ముందు హాల్లో ఉంది. అక్కడ రోజంతా పెద్దమనుషుల పేపర్లు, రాజకీయాలు. టీచరు ఉద్యోగాల పరీక్షకు చదివే ఆడపిల్లలు నిమ్మళంగా కూర్చోగలిగింది వెనక గదిలోనే. మధ్యలో రెండడుగుల రాతిగోడ. వైఫై దాన్ని దాటదు. గోడ కూల్చాలని నేను కరపత్రం వేశాను. అది చదివి మామ వచ్చాడు.

"గోడ పగలగొట్టబాక అల్లుడా. గోడలో కరెంటు తీగ ఉందిగా, నెట్ దాంట్లోనే పోద్ది."

అరచేతిలో పట్టే రెండు పవర్‌లైన్ అడాప్టర్లు తెచ్చాడు. ఒకటి హాల్లో రూటరుకు కలిపి ప్లగ్గులో పెట్టాలి, రెండోది వెనక గదిలో. కరెంటు తీగలోనే నెట్ నడిచి వెళితే, రెండో డబ్బా దాన్ని వైఫైగా పంచుతుంది.

వెనక గదిలో నెట్ ప్రారంభం రోజు, ఫొటోలో బాగా పడాలని అధ్యక్షుడు రెండో డబ్బాను బల్ల మీద పెట్టించాడు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి దాన్ని తగిలించింది మాత్రం నేనే. ఫోన్లలో ఏమీ తెరుచుకోలేదు.

"ఏంది అల్లుడా, లోకాన్ని మారుస్తానంటివి, ప్లగ్గు పెట్టటం రాలా? దీన్ని నేరుగా గోడకే పెట్టాల. ముందు ఆ దండ తియ్!"

మామ ఈ మాట అధ్యక్షుడి ముందే అన్నాడు. గోడకు పెట్టాక పిల్లల ఫోన్లు ఒక్కసారిగా మోగాయి.

వయసు మీద పడ్డాక మామ, ఆ పిల్లల్లో ఒకమ్మాయికి పని నేర్పాడు. "తీగది తప్పుండదమ్మా, కలిపినోళ్లదే" అని చెబుతూ ఆమె చేతే అన్నీ విప్పించి, మళ్లీ బిగింపజేసేవాడు. ఏడాదిగా ఆ గదిని చూసుకుంటున్నది ఆమే.

ఇప్పుడు అధ్యక్షుడు అంటున్నాడు: "చూసుకునే మనిషి పోయాడు. షార్ట్ సర్క్యూటయితే ఎవరు జవాబు?"

"నేను చూసుకుంటానండీ, ఎలక్ట్రీషియన్ బాబాయి నేర్పాడు" అని ఆ అమ్మాయి అడిగింది.

"ఆడపిల్లవి, నీకు కరెంటు పనేందమ్మా?"

అయ్యా, మామకు లేని అనుమానం మీకెందుకు? పరీక్ష ఇంకో నెలలో ఉంది.

ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు పఠనమందిరం ముందుకు రండి. నినాదాలు వద్దు, నేనూ నోరు అదుపులో పెట్టుకుంటాను. తాళం తీసి, తాళంచెవి ఆ అమ్మాయికిమ్మని అడుగుదాం. పిల్లలు ఇప్పుడు హాలు కిటికీ కింద, వీధిలో కూర్చుని అందినంత సిగ్నల్‌తో చదువుతున్నారు. తొమ్మిదింటికి గోడ నీడ మనందరికీ సరిపోతుంది. పదిన్నరకు అది వాళ్ల కాళ్ల దాకా తగ్గిపోతుంది. పుస్తకాలు ఒళ్లోకి తీసుకుని, గోడకు ఇంకాస్త దగ్గరగా జరుగుతారు.