కురుమయ్య తవ్విన హిందుస్తాన్

కురుమయ్యకు ఒక్కటే జబ్బు. ఏ ముచ్చటైనా సరే, తిప్పి తిప్పి దేశాల మీదికి తీస్కపోతడు. పప్పుల ఉప్పు ఎక్కువైందంటే రష్యా అంటడు. మేక తప్పిపోయిందంటే అమెరికా అంటడు. ఎటు తిరిగినా ఆఖరికి ఒక్క కాడనే ఆగుతడు. మన దేశం దునియల అందరికన్న పెద్దదైతది, మనం అమెరికాకు సాయం చేసే దినం వస్తది, రాకుంటే నా పేరు మార్చుండ్రి అంటడు. ఆయనతోని మన్ను పని చేసే గుంపుల మంది అప్పటికే కొత్త పేర్లు చూసిపెట్టుకున్నరు.

సాగర్ ఎడమ కాలువ తవ్వుతున్న రోజులవి. మిర్యాలగూడ దిక్కు కాలువ గట్టెంబడి వరసగ గుడిసెలు. పాలమూరోళ్లు కొందరు, దేవరకొండోళ్లు కొందరు. కురుమయ్యది పాలమూరు జిల్లా, అచ్చంపేట అవతల. బడి మొకం చూడలే. ఆయనకు బడి, గుడి అన్నీ గులాం నబీ చాయ్ హోటలే. గులాం నబీ ఉర్దూ పేపరు చదివి చెప్తుంటే కురుమయ్య చాయ్ సల్లారబెట్టుకుంట వింటడు. విన్నదానికి ఇంకింత కలిపి పొద్దుగాల కాలువల పంచుతడు.

ఒకనాడు భిలాయిల ఇనుము కరగబెట్టే కొలిమి పెట్టిండ్రని, ఇగ మన పారలు మన ఇనుముతోనే వస్తయని గుంపుకంత చెప్పుకుంట తిరిగిండు. సాయంత్రం గులాం నబీ తల కొట్టుకున్నడు.

"అరే కురుమయ్యా, గది పాత పేపరు. భజ్జీలు కట్టనీకి పక్కకు పెట్టిన."

"మంచిదే గద నబీ భాయ్. గంత పని ఎప్పుడో అయిందంటే, ఇప్పటికి ఇంకెంత అయి ఉంటదో చూడు."

కురుమయ్యది ఇంకో వింత. నోరు నడిస్తెనే ఆయన చెయ్యి నడుస్తది. ఎవడన్న ఎదురుపడి వాదం పెట్టుకున్నడా, పార మిషిన్ లెక్క ఆడుతది, మన్ను ఎటు పోతాందో ఆయనకే తెల్వదు. ఎదురు మాట్లాడే మనిషి లేకుంటే పార కట్టె మీద గదువ ఆనిచ్చి నిలవడ్తడు. ఆయన భార్య హనుమమ్మ తట్ట ఎత్తే మనిషి. "నా మొగడు దేశాన్ని లేపుతడు. తట్ట మాత్రం నేనే లేపాలె" అంటుండె.

ఆ దినాలల్ల కంట్రోల్ దుకాణంల అమెరికా గోధుమలు ఇస్తుండిరి. జొన్నరొట్టె తిన్న నోళ్లకు ఆ గోధుమలను ఏం జెయ్యాల్నో తెల్వక ఆడోళ్లు గటక లెక్క ఉడకబెట్టిండ్రు. అది గొంతుల దిగకుండె. గుంపుల వెంకటనర్సు అని ఒకడుండె. మంచి ముచ్చట ఏది చెప్పినా కాదనుడే ఆయన పని. కురుమయ్య గటక నములుతుంటే చూసి, ఆళ్ల గింజ తినుకుంట ఆళ్లకే సాయం చేస్తవా అని అడిగిండు. అందరు నవ్విండ్రు. కురుమయ్య నమిలేది ఆపలే.

"నీ ఇంట్ల పిండి ఒడిస్తే పక్కింట్ల బదులు తేవా? తిరిగిచ్చేటప్పుడు పైకెల్లి పిడికెడు ఎక్కువ పొయ్యవా? గిది గూడ గంతే తమ్మీ. పిడికెడు ఎక్కువ పోసే ఇస్తం."

గీ ముచ్చట్లంటే నర్సింహకు ఒళ్లు మండేది. నర్సింహ దేవరకొండ దిక్కు మనిషి. తక్కువ మాట్లాడుతడు, ఎక్కువ తవ్వుతడు. దేశం పెద్దగైతే ఏంది, చిన్నగైతే ఏంది, తన గుంత లోతైతే చాలు అనుకునేటోడు.

మన్ను పని జోడి పని. మొగోడు తవ్వాలె, ఆడామె తట్టల ఎత్తి కట్ట మీద పొయ్యాలె. ఒక్కో జోడికి ఒక్కో గుంత. గుంత నడుమ ఒక దిబ్బను తవ్వకుంట ఇడుస్తరు, దాని నెత్తి మీది గడ్డి గూడ పీకరు. మొదటి నేల ఎత్తుకు అదే సాక్షి. కొలత దినం ఓవర్సీర్ వచ్చి దిబ్బ మీదికెల్లి కిందికి టేపు ఇడిసి లోతు చూస్తడు.

గట్లాంటి గుంతల ఒకనాడు ఒడ్డు మీది బండ జారి నర్సింహ పాదం మీద పడ్డది. పాదం గుమ్మడికాయ లెక్క ఉబ్బింది. దవాఖానల పట్టీ కట్టి, కింద పెట్టొద్దన్నరు. నర్సింహ భార్య సుక్కమ్మ ఒక్కతే తవ్వుడు, ఒక్కతే ఎత్తుడు. గుంత మోకాలి లోతు గూడ దిగుతలే.

గుంపు మేస్త్రి రామచంద్రయ్య చెడ్డోడేం గాదు. గుడిసె ముంగట కూసోని చుట్ట ముట్టిచ్చి, నేల చూసుకుంట చెప్పిండు.

"కొలత నాటికి నడుం లోతు రాకుంటే జాగా ఇడువాలె నర్సిగా. ఇంకో జోడి వచ్చి గట్టు మీద కూసున్నది. నేనేం జేస్త?"

నర్సింహ మనసుల లెక్క ఏసుకున్నడు. ఊరికి పోతే వాన లేదు, బాయిల నీళ్లు లెవ్వు. గొంతుల దిగని గోధుమలైనా ఈడనే ఉన్నయి.

తెల్లారి పొద్దుగాల కురుమయ్య కట్ట మీద నిలవడి కొత్త ముచ్చట తీసిండు. కాలువల గుంతలన్నిటికి దేశాల పేర్లు పెడుతున్నమని, ఏ దేశం ఎంత దిగుతదో చూద్దామని. వెంకటనర్సుకు రష్యా ఇచ్చిండు. మొన్ననే మన మీదికి లడాయికి వచ్చిందని చైనా మాకొద్దన్నరు అందరు. అది మేస్త్రి బామ్మర్దికి అంటగట్టిండు, ఆయన ఆ దినం పనికి రాలే. తన గుంతకు మాత్రం అమెరికా అని పెట్టుకున్నడు. అందరికి ఇచ్చంత్రమైంది. పొద్దంత హిందుస్తాన్ హిందుస్తాన్ అనేటోడు అమెరికా తీసుకునుడేందని హనుమమ్మ గూడ అడిగింది.

"అమెరికా నా చేతిల ఉంటే, అది ఎంత లోతు పోవాల్నో నేను చూసుకుంట" అన్నడు కురుమయ్య.

మరి హిందుస్తాన్ ఏదంటే నర్సింహ గుంత చూపిచ్చిండు. కాలువ కాలువంత నవ్వింది. అన్నిట్ల నిస్సారమైన, లోతు లేని గుంత అదే.

గుడిసెల పండుకున్న నర్సింహకు ఆ నవ్వు వినొచ్చింది. కాలు నొప్పి కన్న అదే ఎక్కువ నొచ్చింది. సుక్కమ్మ పగటి పూట గటక తెచ్చినప్పుడు, గాయనను మన గుంత కాడికి రానియ్యకు అన్నడు. సుక్కమ్మ మొకం పక్కకు తిప్పుకున్నది. "వస్తే ఎల్లగొట్టనీకి నేను మేస్త్రినా? తిను" అన్నది.

మూడో దినం నర్సింహ ఓపిక పట్టలేక కట్టె ఊతంగ కుంటుకుంట ఒడ్డు మీదికి వచ్చి కూసున్నడు. తమ గుంతల కురుమయ్య కనపడితే ఎల్లగొట్టనీకే వచ్చిండు. నిజంగనే కనపడ్డడు. పగటి పూట అందరు చెట్ల కింద పండుకుంటే ఆయన హిందుస్తాన్ల నిలవడి, ఒడ్డు మీది వెంకటనర్సుతోని వాదం పెట్టుకున్నడు. నోరు నడుస్తాంది, పార నడుస్తాంది.

వెంకటనర్సు అనేదేందంటే, రష్యాల మిషిన్లు మన్ను తీస్తయట, మనది తట్ట దేశం, ఎన్నడు లేస్తది అని. గీ నేలనే మొండిది, మొరం తప్ప ఏం లేదన్నడు.

"మొండిదని నీకెట్ల తెలుసు? ఒడ్డు మీద కూసోనా?" అన్నడు కురుమయ్య.

"దిగి చూపియ్యాల్నా?"

"చూపియ్యి. హిందుస్తాన్ దిగదని నువ్వు చూపిస్తే రేపటి సంది నోరు మూసుకుంట."

కురుమయ్య నోరు మూసుకుంటడంటే ఎవడు ఊకుంటడు. వెంకటనర్సు గడ్డపార పట్టుకొని దిగిండు. ఇగో మొరం, ఇగో రాయి అనుకుంట ఒక్కొక్క పెళ్ల లేపి చూపిచ్చిండు. అది మెత్తగుందన్నడు కురుమయ్య, ఈ మూల తవ్వి చూడమన్నడు. ఆ మూల తవ్విండు. హిందుస్తాన్ ఎన్నటికి దిగదని చూపిచ్చుకుంట వెంకటనర్సు దాన్ని జానెడు లోతు దించిండు. సుక్కమ్మ సప్పుడు లేకుంట తట్టల మీద తట్టలు ఎత్తింది.

అప్పటి సంది అదే తంతు. మన దేశం అందరికన్న ఎనకుంటే మీకు సిగ్గు లేదా అని ఒకన్ని తిట్టుడు, నీతోని కాదులే అని ఇంకొకన్ని ఎగదోసుడు. వాదం పెట్టుకొనొచ్చిన ప్రతోడు కొంత తవ్విపోయిండు. వాదం లేనప్పుడు కురుమయ్య ఒడ్డు మీది నర్సింహతోనే పెట్టుకున్నడు. నర్సింహ జవాబియ్యద్దనుకున్నడు గని, ఒకనాడు పొద్దుగూకే యాళ్ల ఊకోలేక అడిగిండు.

"ఏమో గని అన్నా, గిన్ని మాటలు చెప్తవు. నిజంగ ఐతదా మన దేశం? గా దిబ్బ లెక్క ఎత్తు మీద ఉన్నరు అమెరికోళ్లు."

కురుమయ్య పార ఆపి దిబ్బను చూసిండు.

"దిబ్బ పెరిగిందా తమ్మీ? చుట్టూత తవ్వితే ఎత్తుగ కనిపిస్తాంది. గట్ల ఎత్తైతే ఏం ఫాయిదా, కొంగ ఒక్కటి నిలవడ్తది. మనది గట్ల గాదు." కట్ట దిక్కు చెయ్యి చూపిండు. "అందరి తట్టలు కలిసి కట్ట లేస్తాంది. దాని మీద ఎడ్లబండి పోతది, పక్కకు నీళ్లు పోతయి. జర ఆలిస్యమైతది, గంతే."

ఎన్నడు లేంది, ఆ మాటకు నర్సింహకు ఒళ్లు మండలే.

కొలత దినం ఓవర్సీర్ టేపు పట్టుకొని వచ్చిండు. నర్సింహ కట్టె పట్టుకొని గుంత ఒడ్డున నిలవడ్డడు. దిబ్బ మీదికెల్లి టేపు దిగింది. నడుం దాటింది. సుక్కమ్మ కొంగుతోని మొకం తుడుచుకున్నది. ఇంకో జోడికి ఈ జాగా లేదు పొమ్మన్నడు మేస్త్రి.

ముంగటికి పోయినంక టేపు ఆగింది. అందరికన్న నిస్సారమైన గుంత కాడ మేస్త్రి నిలవడి చూస్తున్నడు.

"ఇదెవ్వనిది?"

"అమెరికా" అన్నడు కురుమయ్య.

"నీదా? గిదేందిరా, మోకాలి లోతు గూడ లేదు."

"ఏం జేస్తం మేస్త్రి. అమెరికా పని అయిపోయిందని నేను చెప్తనే ఉన్న. ఎవ్వరు నమ్మలే."

మేస్త్రికి నవ్వు రాలే. ఓవర్సీర్ ముంగటి గుంతలు కొలిచి పొద్దుగూకేసరికి మర్లి వస్తడు, అప్పటికి నడుం లోతు రాకుంటే నీ జాగల ఆ జోడినే మర్ల పిలిచి పెడ్త అన్నడు. కురుమయ్య పార కట్టె మీద గదువ ఆనిచ్చి నిలవడ్డడు.

నర్సింహ ఆ గుంత చూడుడు అదే మొదలు. హనుమమ్మ దిక్కు చూసిండు.

"నన్నేం చూస్తవు? మాటలన్నీ మీ గుంతల పోసిండు. మా గుంత కాడ మూగోడు" అన్నది హనుమమ్మ. తిట్టినట్టే అన్నది గని గొంతు తిట్టినట్టు లేకుండె.

నర్సింహ కట్టె పక్కకు పడేసి, ఒడ్డు మీద కూసోని, మెల్లగ అమెరికాలకు జారిండు. మంచి కాలు మోపి, చెడ్డ కాలు చాపుకొని, గడ్డపార ఎత్తిండు. కురుమయ్యకు గాబరైంది. "కాలు పాడైతది, ఎక్కు మీదికి" అన్నడు.

"నువ్వు ఊకో అన్నా. అమెరికాకు సాయం చేస్తున్న."

తర్వాత వెంకటనర్సు దిగిండు. రష్యా తరఫున మేము గూడ వస్తమన్నడు, ఐనా గీ నేల దిగేది గాదు అన్నడు. సుక్కమ్మ తట్ట తెచ్చింది. ఒక్కొక్క దేశం దిగింది. ఆఖరికి చైనా గూడ వచ్చింది, మేస్త్రి బామ్మర్ది, ఏందో తమాషా అనుకొని. ఆయనకు గూడ పార ఇచ్చిండ్రు.

కురుమయ్య నడుమ నిలవడి చూస్తున్నడు. అంత మంది ముంగట నోరు లేవకుంట ఆయన నిలవడుడు ఎవ్వరు చూసి ఎరుగరు. నోరు లేదు గనక చెయ్యి గూడ లేదు.

పొద్దుగూకేసరికి టేపు మళ్ల దిగింది. నడుం లోతు ఉన్నదన్నడు ఓవర్సీర్. మేస్త్రి చుట్ట ముట్టిచ్చుకున్నడు. అందరు పారలు భుజాన ఏసుకున్నరు గని నర్సింహ మీదికి రాలే. ఇంకో తట్ట నింపి సుక్కమ్మ నెత్తికెత్తిండు.

"కొలత అయింది గదరా, ఇంకా ఎందుకు?" అన్నడు మేస్త్రి.

"పిడికెడు ఎక్కువ" అన్నడు నర్సింహ.

అప్పుడు కురుమయ్యకు నోరొచ్చింది. చెప్పిన గద, అమెరికాకు సాయం చేసే దినం వస్తదని చెప్పిన గద అనుకుంట గుడిసెల దాక ప్రతొక్కన్ని ఆపి చెప్పిండు. గులాం నబీ హోటల్ల గూడ చెప్పిండు. గులాం నబీ నవ్వి, గీ ముచ్చట ఏ పేపర్ల లేదు గదా అన్నడు.

"పేపరోళ్లకు ఆలిస్యంగ తెలుస్తది నబీ భాయ్. నీకు తెల్వదా?"

ఇంటికాడ హనుమమ్మ పొయ్యి ముంగట కూసోని ఉన్నది. దునియా పని అయిందా అని అడిగింది. అయిందన్నడు కురుమయ్య. అయితే జర కట్టెలు తెమ్మన్నది, అమెరికా గోధుమలు ఇంకా ఉడుకలేదట.