నన్ను రివర్స్‌లో అత్తారింటికి తెచ్చిన మరిది

నిన్న పొద్దున పొయ్యి మీద చాయ్ ఉండగా ఫోన్ వచ్చింది. యాదగిరి కొడుకు.

"పెద్దమ్మా, బాపు పోయిండు."

"మీ బాపు లెక్క నువ్వు గూడ అబద్ధాలు జెప్పుడు నేర్చినవారా" అన్నాను.

వాడు ఏడ్చాడు. అప్పుడు నమ్మాను. చాయ్ పొంగి స్టవ్ అంతా పాడైంది.

యాదగిరి నా మరిది. మా ఆయనకు సొంత తమ్ముడు. మొన్న రాత్రి కూడా ఫ్యామిలీ గ్రూప్‌లో గులాబీ పువ్వు ఫోటో పెట్టాడు. దాని మీద గుడ్ మార్నింగ్ అని ఉంది.

ఒక వేలితో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. ఏడుపు మెసేజ్‌లు గ్రూప్‌లో చాలా వచ్చాయి. నేను కారు సంగతి చెప్తాను.

అరవైల్లో, సాగర్ డ్యాం కడుతున్న రోజులు. యాదగిరి అక్కడ ఒక కాంట్రాక్టర్ దగ్గర డ్రైవర్. గొర్లు కాసే ఇంట్లో పుట్టి స్టీరింగ్ పట్టిన మొదటివాడు. ఆ గర్వం నడకలోనే కనిపించేది.

కాంట్రాక్టర్‌ది పాత అమెరికా కారు. ఆటోమేటిక్. క్లచ్ లేదు, గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. మా పెళ్లికి ఒక్కరోజు అడిగి తెచ్చాడు.

మా ఊరు హాలియా దగ్గర. అత్తగారి ఊరు తిరుమలగిరి పక్కన. అప్పగింతలయ్యాయి, అందరం ఏడ్చాం, కారెక్కాం. వెనక సీట్లో నేనూ మా ఆయనా. ముందు సీట్లో యాదగిరి పక్కన మా ఆయన మేనత్త, లచ్చమ్మత్త.

ఊరు దాటగానే గుట్ట ఎక్కాలి. అక్కడ కారు మొండికేసింది.

ఇంజన్ ఊరంతా వినేలా అరుస్తోంది. చక్రాలు మాత్రం కదలవు. యాదగిరి ఎంత తొక్కితే అంత అరుపు. ఎవరివో గొర్లు మమ్మల్ని దాటి గుట్టెక్కిపోయాయి. ఒక పొట్టేలు ఆగి మరీ చూసింది.

అప్పుడు లచ్చమ్మత్త నోరు తెరిచింది.

"కొత్త పిల్ల కాలు వెట్టంగనే కారు బందైంది. గిదేం కాలో ఏమో!"

నేను కాళ్లు చీర కిందికి లాక్కున్నాను.

మీ తరానికి తెలియదు. కోడలి కాలు మంచిది కాదని ఒకసారి పేరు పడితే ఇక అంతే. గొర్రె చచ్చినా, వాన పడకపోయినా, అన్నీ ఆమె మీదికే వస్తాయి. నేనింకా ఆ ఇంటి గడప కూడా తొక్కలేదు.

మా ఆయన ఏమన్నా అంటాడేమోనని చూశాను. పెళ్లికొడుకు మాట్లాడకూడదనుకున్నాడో ఏమో, తలరుమాలు సర్దుకున్నాడు. ఆ మౌనం ఇప్పటికీ నడుస్తోంది.

యాదగిరి దిగి బానెట్ ఎత్తాడు. ఏమీ అర్థం కాకపోయినా అంతా అర్థమైనట్టు తలూపాడు. మళ్లీ ఎక్కి రివర్స్ వేశాడు. కారు బుద్ధిగా కదిలింది!

"వదినె, ఫికర్ జెయ్యకు. ముందటికి దమ్ము లేదు గని ఎనుకకు మస్తుగున్నది."

అప్పుడే ఏడ్చి సాగనంపిన మా అన్నలు మళ్లీ పరుగెత్తుకొచ్చి, తోసి, కారును మళ్లించారు. డిక్కీ ముందు, మేము వెనక. గుట్ట ఎక్కాం, దిగాం, అత్తగారి ఊరి దాకా రివర్సే.

వాడు మెడ తిప్పి మా ఇద్దరి తలల మధ్య నుంచి దారి చూస్తున్నాడు.

"అన్నా, జర జరుగు. వదినె, నీ బాసింగం అడ్డమొస్తాంది, జర వంగు."

దారంతా వంగే పోయాను. కానీ ఎదుటి అద్దంలోంచి మా ఊరు చాలాసేపు కనిపించింది. అమ్మ చుక్కంత అయ్యేదాకా చూశాను. అత్తారింటికి పోతూ అంతసేపు అమ్మను చూసుకున్న పెళ్లికూతురు నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అక్కడ డప్పులు, హారతి పళ్లెంతో మా అత్తమ్మ. ముందుగా వచ్చింది డిక్కీ. పాపం ఆమె కంగారులో డిక్కీకే హారతిచ్చి బొట్టు పెట్టింది.

నేను దిగకముందే లచ్చమ్మత్త దిగి ఊరందరి ముందు మొదలుపెట్టింది. పిల్ల ఎక్కింది, కారు ఆగింది, అని.

యాదగిరి డప్పుల కంటే గట్టిగా అరిచాడు.

"గట్లనకు అత్తా! పొద్దుగాల మనం పోయేటప్పుడు గూడ గా గుట్ట మీద గిట్లనే జేసింది. నువ్వు నిద్రవోయినవ్. గప్పుడు అందరికంటె ముందుగాల కార్ల కాలు వెట్టింది ఎవ్వరు? నువ్వే గద!"

జనం గొల్లుమన్నారు. లచ్చమ్మత్త తన కాళ్ల వంక చూసుకుంది. నేను కుడికాలు పెట్టి ఇంట్లోకి పోయాను.

అసలు సంగతి తర్వాత తెలిసింది. గేర్లు మార్చే పనే లేనప్పుడు గేర్ ఆయిల్ ఎందుకని మా వాడు ఒక్కసారి కూడా చూడలేదట. మరునాడు ఇంట్లో ఉన్న ఆముదం పోశాడు. కారు సాగర్ దాకా పోయింది. ఆ వాసనకు, తమకే తాగిస్తారేమోనని దారిలో పిల్లలంతా నోళ్లు మూసుకుని పారిపోయారట.

లచ్చమ్మత్త పోయిన చాలా ఏళ్లకు, ఒకరోజు చాయ్ తాగుతూ చెప్పాడు.

"పొద్దుగాల కారు మంచిగనే నడ్సింది వదినె. నువ్వెక్కినంకనే బందైంది."

నవ్వలేక చచ్చాను. పొద్దున అదే కారులో పోయిన మా ఆయనకూ తెలుసన్నమాట. ఆయన మౌనం పనికొచ్చింది ఆ ఒక్కరోజే.

కానీ ఆ అబద్ధం వల్లే నేను ఆ ఇంట్లో ఇన్నేళ్లు తలెత్తుకుని తిరిగాను. ఈ మాట వాడు బతికుండగా ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

నిన్న సాయంత్రం దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉంటే లేస్తాడని కొడుకు చెవిలో మూడుసార్లు పిలిచాడు. లేవలేదు.

నేను పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను.

"యాదగిరీ, రివర్స్ ఏసి రా బిడ్డా."

మా ఆయన విన్నాడు. నవ్వబోయి, గట్టిగా ఏడ్చేశాడు.

యాదగిరి రాలేదు. ఈసారి ముందుకే పోయాడు.

నిమ్మళంగా పో మరిదీ. నీ దారిలో ఎత్తులు లేకుండా ఉండాలి. మెడ తిప్పి మా దిక్కు చూడకు, మేము మంచిగనే ఉంటాం.